రంపం బేరం చేసేముందు చెట్టు చుట్టూ తిరిగి రా

చి॥ చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

పెరట్లో కొమ్మలు కొయ్యడానికి కొందామని నువ్వు పంపిన మూడు బ్యాటరీ రంపాల ఫొటోలూ చూశాను. అందులో 88 వోల్టులని పెద్ద అక్షరాలతో అచ్చేసిన పసుప్పచ్చ మిషన్‌ను ముందు పక్కన పెట్టెయ్. రెండు బ్యాటరీలు, రెండు చైన్లు, కళ్ళజోడు, చేతితొడుగులు అన్నీ కలిపి అంత చవగ్గా ఇస్తున్నాడని నీకు ముచ్చటేసి ఉంటుంది. ఆ 88 సంగతి ఒకసారి లెక్క వేసి చూడు. లిథియం సెల్ ఒక్కోటీ సుమారు 3.6 వోల్టులు ఇస్తుంది, నిండా చార్జ్ అయితే 4.2. మూడు సెల్స్ వరసగా కలిపితే 10.8; నిండా చార్జ్ అయినప్పటి లెక్క చెప్పి దాన్నే 12 వోల్టులని అమ్ముతారు. ఐదు కలిపితే 18. అదే డబ్బా మీద 20 అనీ 21 అనీ కూడా కనబడుతుంది, లోపల సరుకు ఒకటే. 88 రావాలంటే ఇరవైకి పైగా సెల్స్ కావాలి. అరచేతిలో ఇమిడే ఆ బ్యాటరీలో అన్ని ఎక్కడ దాచాడో వాడికే తెలియాలి.

వోల్టుల కంటే వాట్-అవర్ చూడు. వోల్టుల్ని ఆంపియర్-అవర్‌తో (బ్యాటరీ మీద Ah అని రాసే అంకె) గుణిస్తే అది వస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్-అవర్ అయితే 36, 10.8కి అదే 2 అయితే ఇరవైరెండుకు కాస్త తక్కువ. బండి ట్యాంకులో పెట్రోల్ ఎంత పడుతుందో చెప్పే అంకె అది. బ్యాటరీ మీద వాట్-అవర్ రాయని కంపెనీని నేనైతే నమ్మను.

సరే, మిషన్ సంగతి కాసేపు ఆపు. టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఈ ఏడాది నువ్వు నిజంగా కొయ్యాల్సిన కొమ్మలు ఎంత లావున్నాయో కొలువు. బెంగళూరులో మీ హొరమావు ఇంట్లో ఉన్నవి మామిడి, జామ, మునగ, బటర్ ఫ్రూట్ (అవకాడో), గేటు మీద కాగితంపూల తీగ, వెనక కరివేపాకు. వీటిలో బొటనవేలు లావు దాకా ఉన్నవాటికి మంచి చేతి కత్తెర చాలు. ఒకటిన్నర అంగుళం దాకా పొడవు పిడుల కత్తెర తెంపేస్తుంది. అక్కడి నుంచి మూడంగుళాల దాకా ఉన్నవే రంపం పని. అంతకంటే లావు కొమ్మ, అందులోనూ తలకంటే ఎత్తులో ఉన్నది, నీ పని కాదు, మనిషిని పిలిపించు. ఇలా విడగొట్టి చూస్తే రంపానికి మిగిలేవి చాలా కొద్ది. నీకు మిషన్ వద్దని చెప్పడానికి కాదు ఇదంతా. పెద్ద మిషన్ అక్కర్లేదని చెప్పడానికి.

చేతి రంపం ఒకటి ముందు కొనుక్కో. మడతపెట్టేది, వంపు పట్టీది, లాగినప్పుడు కోసేది. లాగేటప్పుడు పట్టీ బిగిసి ఉంటుంది కాబట్టి పలుచగా చెయ్యొచ్చు, వంగిపోదు. వడ్రంగి రంపంలా నెట్టకు, లాగు. రెండంగుళాల జామ కొమ్మను కాసేపట్లో కోసేస్తుంది, కోత కూడా నున్నగా వస్తుంది. బ్యాటరీ రంపం కొన్నాక కూడా కొమ్మల సందుల్లో ఇదే పనికొస్తుంది.

ఇక బ్యాటరీవి. నీ ముందున్న ఎంపిక నిజానికి కంపెనీల మధ్య కాదు, రెండు రకాల మధ్య. ఒకటి చిన్న చైన్ రంపం, రెండోది బ్లేడు ముందుకూ వెనక్కీ ఆడే రెసిప్రొకేటింగ్ రంపం. షాపులో సేబర్ సా అన్నా తీసిస్తారు.

చైన్ రంపం చూడ్డానికి బొమ్మలా ఉన్నా పని మాత్రం గట్టిదే. నాలుగంగుళాల బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పట్టీ, ఉంటే నాలుగంగుళాల కొమ్మ కోస్తుందనుకోకు. హాయిగా కోసేది మూడు, అంతే. అదే కొలత బార్ ఉన్న జీటీఏ 26 అనే మోడల్‌కు, దాన్ని చేసే కంపెనీ పేరు స్టీల్ (STIHL), ఎనిమిది సెంటీమీటర్ల లోపు కొమ్మలే సరి అని వాళ్ళే చెబుతారు. కోత వేగంగా వస్తుంది, కొమ్మ ఊగదు, చేతికి అదురు తక్కువ. మామిడి, జామ లాంటి గట్టి కలపలో దీన్ని మించింది లేదు. చాకిరీ మాత్రం ఉంది. చైన్‌కు నూనె పడుతుండాలి. చాలా చిన్న మోడళ్ళలో పంపు ఉండదు, నువ్వే చుక్కలు వెయ్యాలి. కొత్త చైన్ సాగుతుంది, మొదటి రోజే రెండు మూడుసార్లు బిగించుకోవాల్సి వస్తుంది. బార్ కింది వైపు వేలాడకుండా, చేత్తో లాగితే తేలిగ్గా తిరిగేలా ఉండాలి. బండి సర్వీసులో తీసిన కాలిన ఆయిల్ పొయ్యకు. అందులో ఇనుప రజను ఉంటుంది, పైగా ఆ మురికంతా నీ కరివేపాకు మీదే పడుతుంది. మునగ బెరడు నారనారగా ఊడి చైన్‌లో చుట్టుకుంటుంది. కాగితంపూల తీగైతే ఇంకా ఘోరం, సన్న పుల్లల్ని లాక్కుని బిగుసుకుపోతుంది. అలా ఇరుక్కున్నప్పుడు బ్యాటరీ ఊడదీశాకే వేలు పెట్టాలి. స్విచ్ ఆపాను కదా అనుకోవద్దు.

ఇంకోటి, దాని ముక్కు. తిరుగుతున్న చైన్ పై మూల దేనికైనా, పక్క కొమ్మకో కాంపౌండ్ గోడకో, తగిలితే రంపం ఒక్కసారిగా నీ మీదికే ఎగురుతుంది. చిన్నది కదా అని ఒంటిచేత్తో పట్టుకుని రెండో చేత్తో కొమ్మ పట్టుకుంటారే, చేతులు తెగేది అక్కడే. ముక్కుకు కాపు ఉన్న మోడల్ చూడు. ట్రిగ్గర్‌తో పాటు ఇంకో లాక్ నొక్కితేగానీ తిరగని ఏర్పాటు లేకపోతే మాత్రం అసలు కొనకు.

రెసిప్రొకేటింగ్ దానికి నూనె లేదు, చైన్ టెన్షన్ లేదు. బ్లేడు మొద్దుబారితే తీసి పారేసి కొత్తది పెట్టుకుంటావు. ఏ కంపెనీ బ్లేడైనా దాదాపు అన్ని మిషన్లకూ పడుతుంది. దీని ప్రాణమంతా బ్లేడులోనే ఉంది. మిషన్‌తో ఇచ్చేది ఎక్కువగా చెక్కకూ మేకులకూ పనికొచ్చేది, పచ్చి కొమ్మను అది నమిలేస్తుంది. పచ్చి కలపకు అంగుళానికి మూడు నుంచి ఆరు పళ్ళున్న పెద్ద పళ్ళ బ్లేడు అడుగు. బాష్‌లో అయితే ఎస్ 1531 ఎల్ అని అడిగితే చాలు. ముందున్న ఇనుప పాదాన్ని కొమ్మకు గట్టిగా ఆనించి కొయ్యాలి. ఆనించకపోతే బ్లేడు బదులు కొమ్మ ఆడుతుంది, నీ భుజం కూడా ఆడుతుంది. దీని లోపం అదే. ఊగే సన్న కొమ్మను కొయ్యలేదు, కోత కాస్త గరుకు, అదురు ఎక్కువ. కానీ ఏడాదిలో మిగతా రోజులు పీవీసీ పైపు, పాత ప్లైవుడ్, విరిగిన మంచం కోళ్ళు కోసుకోవచ్చు. చైన్ రంపంతో ఇవి చెయ్యకు.

నన్నడిగితే నీకు రెండోదే నయం. కర్టెన్ రాడ్లు బిగించడానికి కొన్న డ్రిల్లు ఇంట్లో ఉంది కదా. దాని బ్యాటరీ 12 అయినా 18 అయినా, అదే కంపెనీలో బ్యాటరీ చార్జర్ లేకుండా మిషన్ ఒక్కటే అమ్ముతారు, చాలా డబ్బు మిగులుతుంది. 12 వోల్టులది కిలోన్నర దగ్గర ఉంటుంది. 18ది బ్యాటరీతో కలిపి రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. కోడలమ్మాయి కూడా వాడుతుందన్నావు కాబట్టి చిన్నదే తీసుకో. మామిడి చెట్లు నాలుగైదు ఉన్నవాడైతే చైన్ రంపం తీసుకోమని చెప్పేదాన్ని.

కొనడానికి ఎస్.పి. రోడ్డుకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఫొటో చూసి కొనే వస్తువు కాదిది. బ్యాటరీ పెట్టించి, కోడలమ్మాయిని చెయ్యి చాచి ఒక నిమిషం పట్టుకోమను. ట్రిగ్గర్, లాక్ రెండూ ఆ అమ్మాయి వేళ్ళకు అందుతున్నాయా? చైన్ రకమే నచ్చితే విడి చైన్ ఇప్పుడే చూపించమను, తరవాత తెప్పిస్తామంటే కుదరదను. పేరులేని మిషన్లు చచ్చేది మోటారు వల్ల కాదు, ఆ కొలత చైన్ మళ్ళీ దొరకక. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకో. సర్వీస్ సెంటర్ ఊళ్ళో ఎక్కడుందో అక్కడే అడుగు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కర్ణాటకలో చెట్ల పరిరక్షణకు 1976 నాటి చట్టం ఉంది. అందులో చెట్టు కొట్టడమంటే మొదలు నరకడం ఒక్కటే కాదు, కొమ్మలు నరికెయ్యడం కూడా వస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. పెరట్లో జామకొమ్మ సవరించినందుకు ఎవరూ రారు గానీ, పెద్ద చెట్టు తల దించాలంటే ముందు ట్రీ ఆఫీసరును, అంటే చెట్ల అనుమతులు చూసే అధికారిని, అడుగు. 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ వార్డు ఇప్పుడు ఎవరి కిందికి వస్తుందో కనుక్కో. ఫుట్‌పాత్ మీది చెట్టు కొమ్మ నీ మేడమీదికి వంగినా అది నీది కాదు. బటర్ ఫ్రూట్ కొమ్మ కరెంటు తీగ దగ్గరికి వెళ్ళిందన్నావే, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. కరెంటు కంపెనీ బెస్కాంకు 1912కి ఫోన్ చేసి చెప్పు.

కొయ్యడంలో ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. కొమ్మ బోదెను కలిసేచోట కాస్త ఉబ్బెత్తుగా, బెరడు ముడతలు పడి ఉంటుంది. కోత దానికి అవతలే పడాలి. బోదెకు సమానంగా చెక్కితే ఆ ఉబ్బు పోతుంది, మరీ జానెడు మోడు వదిలితే అది కుళ్ళి లోపలికి దిగుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లను నిలువునా చీల్చి చూసి చెప్పిన విషయమిది. చెట్టు గాయం మన చర్మంలా మానదు. దెబ్బతిన్న భాగాన్ని లోపల అడ్డుకట్టలు కట్టి వేరుచేస్తుంది. ఆ కట్టే శక్తి ఉబ్బులో ఉంది. అందుకే పైన తారో పెయింటో పూసినంత మాత్రాన లోపలి కుళ్ళు ఆగదు. మామిడికి మన తోటలవాళ్ళు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తారు, పూసుకో, తప్పు లేదు, కానీ కోత తప్పు చోట పడితే అదీ కాపాడదు.

బరువైన కొమ్మను ఒక్క కోతతో దించకు, సగంలో విరిగి బోదె బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. బటర్ ఫ్రూట్ మరీ పెళుసు. బోదెకు అడుగు దూరంలో కింది నుంచి మూడోవంతు కొయ్యి. దానికి కొంచెం అవతల పై నుంచి కొయ్యి, బరువంతా పడిపోతుంది. మిగిలిన మోడును ఉబ్బు దగ్గర తీసెయ్. మునగ కొమ్మ చేతికి మెత్తగా ఉందని ఈ మూడు కోతలూ ఎగ్గొట్టేవు, అది కూడా పుటుక్కున విరుగుతుంది.

మామిడి కాయ దిగాక, జూన్ జూలైల్లోనే కొయ్యి. అక్టోబరు దాటాక ముట్టుకుంటే ఆ కొమ్మకు పూత బదులు చిగురే వస్తుంది. జామకు ఆ బెంగ లేదు, కొత్త చిగురుకే పూస్తుంది. ఎండుకొమ్మల్ని మాత్రం ఏప్రిల్ గాలివానలు మొదలవకముందే తీసెయ్యాలి. ఆ నెలల్లో గూళ్ళు ఉంటాయి, కోసేముందు తల ఎత్తి చూడు.

నిచ్చెన మీద నిలబడి బ్యాటరీ రంపం ఆడించడం ఈ ఇంట్లో ఎప్పుడూ ఒప్పుకోలేదు, మీ ఇంట్లోనూ వద్దు. నేల మీద నిలబడితే అందేది కొయ్యి, అందనిదానికి పొడవు కర్రకు బిగించిన చేతి రంపం వాడు. కళ్ళజోడు, బూట్లు ఉండాలి. ఆమె చున్నీ నడుముకు బిగించి కట్టుకోవాలి, నువ్వు లుంగీలో దిగకు. మామిడి జీడి ఒంటి మీద పడితే పొక్కుతుంది, నిండు చేతుల చొక్కా వేసుకో. పనయ్యాక బ్యాటరీ తీసి, చల్లారాక చార్జింగ్ పెట్టు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో, ఎండ పడని చోట, పిల్లలకు అందకుండా ఉంచు. కారు డిక్కీలో వద్దు. బ్లేడుకు అంటిన జిగురును కిరోసిన్ గుడ్డతో తుడిచెయ్.

మునగ దించినప్పుడు ముక్కలన్నీ చెత్తబండిలో వెయ్యకు. మణికట్టు కంటే కాస్త సన్నవి, మూడడుగుల పొడవున, నాలుగు తీసి నీడలో పెట్టు. మీ అమ్మ హిందూపురంలో నాటుకుంటానని అడిగింది.

ఇట్లు,
మీ అత్తయ్య
విద్యారణ్యపుర