కైలాస పరిక్రమ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కైలాస మానససరోవర యాత్ర ఐదేళ్ళ విరామం తరువాత 2025లో తిరిగి మొదలైంది. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు ఈ శీర్షికకు ప్రశ్నలు పంపుతూనే ఉన్నారు. పర్వతం చుట్టూ చేసే కాలినడక ప్రదక్షిణను గురించి అడిగిన వాటికే ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, నా వయసు 66 ఏళ్ళు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందునాడు సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. 32 కిలోమీటర్లు ఎక్కడా కూర్చోకుండా నడవగలను. బీపీ, షుగర్ లేవు. కైలాస పరిక్రమ 52 కిలోమీటర్లేనని, అది కూడా మూడు రోజుల్లో చేయవచ్చునని విన్నాను. ఇంట్లోవాళ్ళు మాత్రం భయపడుతున్నారు. ఆ భయానికి ఆధారం ఉందా? (బొబ్బిలి)

జవాబు: మీ ఆరోగ్యం, ఏళ్ళ తరబడి ఉన్న నడక అలవాటు తప్పకుండా అక్కరకు వస్తాయి. అయితే మీరు దూరాన్ని దూరంతోనే పోల్చి చూశారు. కైలాసం దగ్గర ముందుగా లెక్కలోకి వచ్చేది ఎత్తు. సింహాచలంలో తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తుడు తిరిగి అక్కడికి చేరేదాకా సముద్రతీరపు చిక్కని గాలినే పీలుస్తాడు. కైలాస పరిక్రమకు బయలుదేరే దార్చెన్ ఊరే దాదాపు 4,600 మీటర్ల ఎత్తున ఉంది. రెండో రోజు దాటవలసిన డోల్మా లా కనుమ 5,600 మీటర్లకు పైమాటే. సుమారు 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది; గాలిలో ప్రాణవాయువు శాతం మారకపోయినా, ఒక్కొక్క శ్వాసతో ఊపిరితిత్తులకు అందేది సగమే అవుతుంది. మన ఊళ్ళో గంటలో నడిచే దూరానికి అక్కడ రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

మన ప్రాంతంలో ఉండి ఆ ఎత్తుకు అలవాటు పడడం సాధ్యం కాదన్నది మీరు ముఖ్యంగా గుర్తించవలసిన విషయం. శ్రీకాకుళం సరిహద్దున ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. తూర్పు కనుమలలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లను అందుకోదు. ఎత్తు వల్ల కలిగే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాతే మొదలవుతుంది. అందువల్ల రామతీర్థం కొండ మెట్లు ఎక్కడం, మహేంద్రగిరికి నడవడం మీ కాళ్ళను, గుండెను సిద్ధం చేస్తాయే తప్ప, పలచని గాలికి శరీరాన్ని సిద్ధం చేయలేవు. ఆ పని కొండ మీదనే, రోజుల మీదనే జరగాలి. ఎత్తుకు చేరిన శరీరం మొదట వేగంగా ఊపిరి తీసుకుంటుంది; ఆ మార్పుకు తగినట్లు మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని కొన్ని రోజులపాటు బయటికి పంపుతాయి; కొత్త ఎర్ర రక్తకణాలు తగినన్ని తయారుకావడానికి వారాలు పడుతుంది. ఈ క్రమాన్ని తొందరపెట్టే వ్యాయామం ఏదీ లేదు. బాగా నడవగలవారికి ఎత్తు జబ్బు రాదనే నమ్మకం కూడా సరికాదు. కాళ్ళలో బలం ఉన్నవారే ఉత్సాహంతో వేగంగా ఎక్కి ముందుగా పడిపోయిన సందర్భాలు కొండదారుల్లో తరచుగా కనిపిస్తాయి.

3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి నిద్రించే చోటు ముందు రాత్రి నిద్రించిన చోటికంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో పూర్తిగా ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. మీరు ఎంచుకునే యాత్రా ప్రణాళిక ఈ నియమానికి ఎంత దగ్గరగా ఉందన్నదే, నా దృష్టిలో, దాని ధర కంటే, భోజన వసతుల కంటే ముందుగా చూసుకోవలసినది.

ఇక పరిక్రమ విషయం. మొదటి రోజు యమద్వారం అనే చోటు నుంచి లా చు నది లోయ వెంబడి రాత్రి బస అయిన డేరాపుక్ చేరుకుంటారు. దారి పెద్దగా ఎగుడుదిగుడుగా ఉండదు. అక్కడి నుంచి కైలాసం ఉత్తర ముఖం నిట్టనిలువుగా, అడ్డేమీ లేకుండా దర్శనమిస్తుంది. రెండో రోజు మాత్రం కఠినమైనది. తెల్లవారకముందే బయలుదేరి దాదాపు 600 మీటర్లు ఎక్కి డోల్మా లా దాటి, గౌరీకుండం అనే సరస్సును పై నుంచి చూస్తూ రాళ్ళ మీదుగా నిటారుగా దిగి, ఆపైన లోయలో గంటల తరబడి నడిస్తే గాని రెండో రాత్రి బస జుతుల్‌పుక్ రాదు. గుర్రం మాట్లాడుకున్నవారు కూడా ఆ దిగుడులో దిగి నడవవలసిందే కనుక, మోకాళ్ళకు దిగడం కూడా అలవాటు చేయండి. మూడో రోజు నడక తేలిక. బయలుదేరడానికి కనీసం నాలుగు నెలల ముందు నుంచి వారానికి ఐదు రోజులు నడవండి. అందులో రెండు రోజులు వీపున ఐదు కిలోల సంచితో మెట్లు ఎక్కి దిగండి. పక్కవారితో మాట్లాడగలిగే వేగాన్ని దాటకుండా గంటల తరబడి నడవడం నేర్చుకుంటే, కొండ మీద మీకు పనికివచ్చే నడక అదే.

మీ ఇంట్లోవారి భయానికి ఆధారం ఉంది. అయితే దాని వల్ల ప్రయాణం మానుకోవలసిన అవసరం మీ విషయంలో నాకు కనిపించడం లేదు. గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకొని, ఆ ఫలితాన్ని వారికి చూపించి బయలుదేరండి.

ప్రశ్న: మాది ఉద్దానం. మా వారికి 52 ఏళ్ళు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే కొలత) కొద్దిగా ఎక్కువగా ఉందని రెండేళ్ళ క్రితం చెప్పారు, మందులు వాడుతున్నారు, పైకి బాగానే ఉన్నారు. యాత్రకు వెళ్ళివచ్చిన వారు డయామాక్స్ మాత్రలు, ఒంటి నొప్పుల మాత్రలు వెంట ఉంచుకోమని చెప్పారు. వాడవచ్చునా? (సోంపేట)

జవాబు: అమ్మా, మీరు ముందుగానే అడగడం ఎంతో మేలైంది. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి ఈ యాత్రకు వెళ్ళదలచిన ప్రతి ఒక్కరూ, పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) పరీక్షలు చేయించుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే మూత్రపిండాల జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ముదురుతుంది. పైన చెప్పినట్లు, పలచని గాలికి శరీరం అలవాటు పడడంలో మూత్రపిండాలది పెద్ద పాత్ర. అవి బలహీనంగా ఉన్నవారికి ఆ అలవాటు సరిగా జరగకపోవచ్చు.

డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్. ఎత్తు జబ్బు రాకుండా సాధారణంగా పెద్దలకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పైకి ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం దాని మామూలు లక్షణాలు. అది పని చేసేది మూత్రపిండాల మీదనే. అవి బాగా దెబ్బతిన్న వారికి ఈ మందు పనికిరాదు. సల్ఫా మందులు పడనివారు కూడా వైద్యుని అడగకుండా ముట్టుకోరాదు. ఇక నొప్పుల మాత్రల విషయంలో సందేహానికి తావే లేదు: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మీ వారు వేసుకోకూడదు. చలిలో దాహం తెలియక నీళ్ళు తక్కువ తాగే చోట ఆ మాత్రలు మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి. తలనొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది.

మూత్రపిండాల వైద్యుని కలిసి, ఎంత ఎత్తుకు, ఎన్ని రోజులు వెళ్తున్నదీ స్పష్టంగా చెప్పి, ఆయన మాటను తుది మాటగా తీసుకోండి. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి ఉన్నందువల్ల ఈ సలహా కోసం మీరు విశాఖపట్నం దాకా వెళ్ళనవసరం లేదు. ఆయన వద్దంటే వెళ్ళకండి.

ప్రశ్న: నాకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేసి, జబ్బు లేదు గాని దాని జన్యు లక్షణం మోస్తున్నానని కార్డు ఇచ్చారు. వయసు 27. పొలం పనులన్నీ చేస్తాను. నేను కైలాసానికి వెళ్ళవచ్చునా? (మెళియాపుట్టి)

జవాబు: సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు ఇంతటి ఎత్తుకు వెళ్ళకూడదు. లక్షణం మాత్రమే మోస్తున్నవారు మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ పడరు; అయినా అధిక ఎత్తులో ప్రాణవాయువు తగ్గినప్పుడు వారిలో కొందరికి ప్లీహానికి రక్తం అందక ఎడమవైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వచ్చే ప్రమాదం ఉంది. రక్తరోగాల వైద్యుని సలహా లేకుండా బయలుదేరకండి. వెళ్ళడానికి అనుమతి లభిస్తే ఆ కార్డును పాస్‌పోర్టుతో పాటు ఉంచుకొని, మీ జట్టు నాయకునికి, వెంట ఉండే వైద్యునికి ముందే చూపండి. దాచిపెట్టడం వల్ల, నొప్పి వచ్చినప్పుడు దానిని గ్యాస్ నొప్పిగా పొరబడే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారు కైలాసానికి మొక్కుకున్నారు. ఆమెతో పాటు మేము ఆరుగురం వెళ్ళాలనుకుంటున్నాము. ఆమె చెప్పులు లేకుండా, ఉపవాసంతో పరిక్రమ చేస్తానని, మానససరోవరంలో మునిగి స్నానం చేస్తానని పట్టుబడుతున్నారు. మాలో ఎవరికైనా మధ్యలో బాగాలేకపోతే ఏమి చేయాలి? వెనక్కి వస్తే మొక్కు తప్పినట్లవుతుందా? (విజయనగరం)

జవాబు: మీ అత్తగారి దీక్షకు నమస్కరించి చెబుతున్నాను: మన గిరి ప్రదక్షిణల్లో చెల్లే నియమాలన్నీ అక్కడ చెల్లవు. యాత్రాకాలంలో కూడా డోల్మా లా మీద మంచు ఉంటుంది, రాళ్ళు పదునుగా ఉంటాయి. తిమ్మిరెక్కిన పాదానికి గాయమైనా తెలియదు. చీలమండను పట్టి ఉంచే బూట్లు తప్పనిసరి. ఉపవాసం చేస్తే శరీరంలో వేడి నిలవదు, నీరు తగ్గుతుంది, తల తిరగడం ఆకలి వల్లనో ఎత్తు వల్లనో పోల్చుకోలేరు. పిండి పదార్థాలు ఎక్కువగా ఉండే ఆహారం కొద్దికొద్దిగా పలుమార్లు తీసుకోవాలి. ఆమెకు ఇష్టమైతే అటుకులు, బెల్లం, ఎండు ఖర్జూరం వెంట ఉంచండి. 4,590 మీటర్ల ఎత్తున ఉన్న సరోవరంలో దిగి మునగడానికి ఇటీవలి ఏళ్ళలో అక్కడి అధికారులు అనుమతించడం లేదు. ఒడ్డున బకెట్‌తో తెచ్చిన నీటిని తల మీద చల్లుకొని, వెంటనే తుడుచుకొని వెచ్చని బట్టలు కట్టుకుంటే చాలు.

మీ రెండో ప్రశ్నకు ఇంకా జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఎత్తులో ఎవరికైనా తలనొప్పితో పాటు వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం వంటివి కనిపిస్తే, వేరే కారణం తేలేవరకు అది ఎత్తు జబ్బేనని భావించండి. ఆ రోజు ఇక పైకి ఎక్కకూడదు. విశ్రాంతితో తగ్గితే మరునాడు కదలవచ్చు. తగ్గకపోతే కిందికి దిగాలి. రెండు సందర్భాల్లో మాత్రం ఉదయం దాకా ఆగకూడదు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, నురగతో కూడిన కళ్ళె ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందనడానికి గుర్తులు. మాట తడబడడం, మనుషులను పోల్చుకోలేకపోవడం, తూలడం మెదడు వాచిందనడానికి గుర్తులు. అనుమానం వస్తే ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనేటట్లు నేల మీద సూటిగా నడిపించి చూడండి. తూలితే రాత్రయినా సరే దించాలి. సిలిండర్‌లోని ఆక్సిజన్ దిగడానికి వ్యవధినిస్తుంది గాని దిగడానికి బదులు కాదు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ అంకెను మాత్రమే నమ్ముకోకండి. ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకు కూడా అది 80ల్లో చూపిస్తుంది. మనిషి తీరును చూడండి. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా మానాలి.

మీ ఆరుగురిలో ఎవరు ఎవరితో వెనక్కి వస్తారో విజయనగరంలో ఉండగానే జంటలుగా నిర్ణయించుకోండి. కొండ మీద ఆ మాట ఎత్తితే, మిగిలినవారి దర్శనం తన వల్ల చెడుతుందన్న సంకోచంతో బాగాలేనివారు లక్షణాలు దాస్తారు. అనేక మంది యాత్రికులు డేరాపుక్‌లో ఉత్తర ముఖ దర్శనం చేసుకొని అక్కడి నుంచే వెనుదిరుగుతారు; వాతావరణం బాగాలేనప్పుడు జట్టు మొత్తాన్ని అక్కడే ఆపివేయడమూ ఉంది. తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి లోకమంతా చుట్టివచ్చిన ఫలం పొందిన వినాయకుని కథను ఏటా చవితినాడు అక్షింతలు పట్టుకొని వింటున్న మనం, ప్రాణం కాపాడుకోవడానికి డేరాపుక్ నుంచి తిరిగివచ్చిన భక్తురాలి మొక్కు చెల్లలేదని ఎలా అనగలం? మొక్కుకునేటప్పుడే "ఆరోగ్యం అనుమతించినంత మేరకు" అని సంకల్పం చెప్పుకోమని మీ అత్తగారిని బతిమాలండి.

ప్రశ్న: ప్రభుత్వం ద్వారా వెళ్ళడం మంచిదా, నేపాల్ మీదుగా ప్రైవేటు సంస్థలతో వెళ్ళడం మంచిదా? దరఖాస్తు ఎలా చేయాలి? (ఆమదాలవలస)

జవాబు: సమయం ఉన్నవారికి నా సలహా ప్రభుత్వ యాత్రే. విదేశాంగ మంత్రిత్వ శాఖ దీనిని రెండు దారుల్లో నిర్వహిస్తుంది: 1981 నుంచి ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ మీదుగా, 2015 నుంచి సిక్కింలోని నాథూ లా మీదుగా. ఒక్కొక్క దారికి మూడు వారాలకు పైగా కేటాయించుకోవాలి. ఆ నిడివే దాని బలం. శరీరానికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. వయసు 18 నుంచి 70 లోపు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 25కు మించకుండా ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేస్తే కంప్యూటర్ డ్రా ద్వారా ఎంపిక చేస్తారు. ఢిల్లీలో ఒకసారి, మార్గమధ్యంలో ఎత్తుకు చేరిన తరువాత మరొకసారి వైద్య పరీక్ష ఉంటుంది. రెండో పరీక్షలో కూడా కొందరిని వెనక్కి పంపుతారు. 2025లో లిపులేఖ్ దారిన 50 మంది చొప్పున ఐదు జట్లకు, నాథూ లా దారిన పది జట్లకు అవకాశం కల్పించారు.

నేపాల్ దారుల్లో రోజులు తక్కువ, ఎక్కుడు వేగం ఎక్కువ. టిబెట్‌లోని కెరుంగ్ నుంచి సాగాకు వాహనంలో ఒక్క రోజులో సుమారు 1,700 మీటర్లు ఎక్కించే ప్రణాళికలు ఉన్నాయి. అటువంటి వాటికి డబ్బు కట్టకండి. మధ్యలో రెండు విశ్రాంతి దినాలైనా ఉన్నాయా, వెంట వైద్యుడు ఉంటారా, బాగాలేని వారిని దించడానికి ప్రత్యేక వాహనం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. నేపాల్‌లోని సిమికోట్, హిల్సా మీదుగా హెలికాప్టర్‌లో వెళ్ళేవారు వాతావరణం చెడితే అక్కడే రోజుల తరబడి చిక్కుకుపోవచ్చు. 2018 జూలైలో వెయ్యి మందికి పైగా భారతీయ యాత్రికులు అలాగే నిలిచిపోయారు. 2025 జూలైలో వరదకు నేపాల్–టిబెట్ సరిహద్దులోని రసువాగఢీ వంతెనే కొట్టుకుపోయింది. తిరుగు ప్రయాణపు టికెట్లకు వారం రోజులైనా ఎడం ఉంచుకోండి.

2026 టిబెటన్ పంచాంగం ప్రకారం గుర్రపు సంవత్సరం. పన్నెండేళ్ళకొకసారి వచ్చే ఆ ఏడాదిలో చేసే ఒక్క పరిక్రమ పదమూడింటికి సమానమని టిబెటన్లు నమ్ముతారు. అందువల్ల ఆ ఏడాది దారిలో, బసల్లో రద్దీ ఎక్కువగా ఉంటుంది. గుర్రాలు, సామాను మోసేవారు దొరకడం కష్టం కావచ్చు. ముందుగా మీ పాస్‌పోర్టు గడువు చూసుకోండి. ప్రభుత్వ యాత్రకైతే సెప్టెంబరు 1 తరువాత కూడా కనీసం ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే విశాఖపట్నం కార్యాలయంలో పునరుద్ధరణకు ఇప్పుడే దరఖాస్తు చేయండి.