ఊళ్ళోవాళ్ళు మొదలుపెట్టిన పనికి బయట ఉన్నవాళ్ళం ఎలా సాయపడాలి?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం బెంగళూరులో, సొంతూరు కృష్ణా డెల్టాలో. ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు, ఇద్దరు రిటైర్డ్ టీచర్లు కలిసి మూతబడిన పాత పంచాయతీ గదిని శుభ్రం చేసి రీడింగ్ రూమ్ తెరిచారు. మీరు కొంత డబ్బు పంపగలరు. ఏం కొనిపెడితే బాగుంటుంది, ఊరంతా అందులో పాలుపంచుకోవాలంటే ఏం చేయాలి అని మీ సందేహం.

ఏం కొనాలన్నది కాసేపు పక్కన పెట్టండి. ముందు ఊరికి ఫోన్ చేసి రెండు సంగతులు కనుక్కోండి. ఆ గదికి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటోంది? ఈ రెండూ తెలిస్తే ఆ పనికి ఏ సాయం కావాలో చాలావరకు అర్థమైపోతుంది.

మాది తెనాలి వైపు పల్లె. కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళోనూ ఇలాగే ఒక గది తెరిచారు. నేను తెనాలిలో ఉంటూ సెలవు రోజుల్లో వెళ్ళి చేతనైనంత చేస్తూ వచ్చాను. కమిటీలో మాత్రం చేరలేదు. ఊళ్ళో ఉండేవాళ్ళే కమిటీలో ఉండాలని వాళ్ళు మొదటే అనుకున్నారు. అది చాలా మంచి నిర్ణయమని నాకు రోజురోజుకూ గట్టిగా అనిపిస్తోంది.

డబ్బు సంగతి ముందు చెప్తాను. కట్టడానికి, కొనడానికి దాతలు దొరుకుతారు. నడపడానికి దొరకరు. మా గది తెరిచిన కొత్తలో, ఊరి నుంచి వెళ్ళి నగరంలో బాగా స్థిరపడిన ఒకాయన కంప్యూటర్లు, ఏసీ పెట్టిస్తానని ముందుకొచ్చారు. గుమ్మం పక్కన వాళ్ళ నాన్నగారి పేరుతో శిలాఫలకం వేయాలన్నారు. కుర్రాళ్ళు సంబరపడ్డారు. ఆ రోజు మీటింగులో వెనక కూర్చున్న ఒక డ్వాక్రా గ్రూపు లీడరు, "బానే ఉంది బాబూ, ఆ ఏసీకి నెలనెలా బిల్లు కూడా ఆయనే కడతాడా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ఆయనకు దండం పెట్టి, ఏడాది పాటు పేపర్ల బిల్లు, కరెంటు బిల్లు మీరు చూసుకుంటే చాలండీ అని అడిగారు. ఆయనకు అది నచ్చలేదు, తప్పుకున్నారు. గదికి దానివల్ల ఏ నష్టమూ జరగలేదు. ఆ ఏసీ వచ్చి ఉంటే మాత్రం మొదటి వేసవిలోనే బిల్లు బాకీ పడి, గది మళ్ళీ మూతబడేదని నా నమ్మకం.

కాబట్టి మీ డబ్బు పేపర్లకు, కరెంటుకు, వానాకాలంలో కారే కప్పుకు, పాడైన ట్యూబ్‌లైటుకు ఖర్చవనివ్వండి. ఒకేసారి పెద్ద మొత్తం పంపకుండా మూడు నెలలకోసారి కొంచెం కొంచెం పంపండి. పెద్ద మొత్తం చేతికొస్తే పదిమంది చందాలు వేసుకోవడం ఆగిపోతుంది. ఇంటికి ఇరవై, ముప్పై రూపాయలు ఇచ్చేవాళ్ళు "మన డబ్బులెందుకులే, బెంగళూరాయన ఇస్తున్నాడుగా" అనుకుంటారు. ఆ ఇరవై రూపాయలు ఇచ్చినవాళ్ళకే గది ఎందుకు తెరవలేదని నిలదీసే హక్కు ఉంటుంది. ఆ హక్కు మీ చెక్కుతో పోకూడదు.

లెక్కల విషయంలో మా ఊళ్ళో చేసిన పని ఒకటి చెప్తాను, దాన్ని మీవాళ్ళూ చేస్తే ఎంతో మేలు. గది బయట గోడకు ఒక నల్లబల్ల ఉంది. నెల మొదట్లో సుద్దముక్కతో దాని మీద లెక్క రాస్తారు. చీపురు 70, ట్యూబ్‌లైటు 250, పేపర్ల బిల్లు ఇంత, కరెంటు ఇంత, చందాలు వచ్చింది ఇంత, చేతిలో మిగిలింది ఇంత. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం రాయరు. పాలకేంద్రానికి వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వెళ్ళేవాళ్ళంతా ఆగి చదువుతారు. చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకుంటారు. ఒకసారి లెక్కలో మిగిలింది సున్నా అని రాస్తే, మర్నాడు మేస్త్రీ పని చేసే ఒకాయన వచ్చి విరిగిన మెట్టు తన సిమెంటుతోనే బాగుచేసి వెళ్ళాడు. ఆయన ఆ గదిలోకి చదవడానికి ఒక్కరోజు కూడా రాలేదు. ఇంకో ఇంటివాళ్ళు తమ పాత సీలింగ్ ఫ్యాన్ తెచ్చి బిగించారు. మైకు పట్టుకుని ఎంత అడిగినా రాని సాయం ఆ బల్ల మీది సున్నా చూసి వచ్చింది.

ఇక ఊరంతా పాల్గొనడం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే. దీనికి నేను చూసిన మొదటి అడ్డంకి మీటింగు పెట్టే చోటు. మావాళ్ళు మొదట్లో రామాలయం అరుగు మీద కూర్చునేవాళ్ళు. గాలి వస్తుంది, దీపం ఉంటుంది, అందరికీ దగ్గర అనుకున్నారు. ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకు ఆసక్తి లేదని కొందరు తేల్చేశారు కూడా. అంగన్‌వాడీలో పనిచేసే ఒకామె మాత్రం మొహమాటపడకుండా చెప్పింది, "అరుగు మీద మీరు కూర్చుంటే మావాళ్ళు ఎక్కడ కూర్చోవాలండీ? కింద నిలబడి వినాలా?" అని. ఆ తర్వాత మీటింగు బడి వరండాలోకి మార్చారు. పొలం పనులు అయ్యాక, రాత్రి ఎనిమిది గంటలకు పెట్టారు. అందరూ చాపల మీదే కూర్చున్నారు. ఆ వారమే కాలనీ నుంచి డిగ్రీ చదివే పిల్లలు ముగ్గురు నలుగురు వచ్చారు. ఇప్పుడు పోటీ పరీక్షల పుస్తకాలు ఏవి తెప్పించాలో వాళ్ళే చెప్తున్నారు, మిగతావాళ్ళు అడిగి రాసుకుంటున్నారు.

రెండోది ఆడపిల్లల సంగతి. సాయంత్రం గది తెరిస్తే కుర్రాళ్ళతో నిండిపోయేది. అమ్మాయిలు గుమ్మం దాకా వచ్చి, ఒక పత్రిక అడిగి తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇందులో ఎవరి తప్పూ లేదు, పల్లెలో ఆ వేళ అలాగే ఉంటుంది. ఎదురింట్లో మిషను కుట్టే ఒకావిడ ఉంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత తాళంచెవి నాకివ్వండి, నేను తెరిచి ఉంచుతానంది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆడవాళ్ళవి. మొదట పిల్లలు, తర్వాత తల్లులు, ఆ తర్వాత సచివాలయం నుంచి తెచ్చుకున్న కాగితాలు పట్టుకుని ముసలివాళ్ళూ వచ్చారు. పింఛను కాగితంలో ఏముందో చదివి చెప్పమని, బ్యాంకు ఫారం నింపిపెట్టమని అడిగేవాళ్ళు.

దీని మీద కమిటీలో వాదన జరిగింది. పుస్తకాలు చదువుకునే చోట దరఖాస్తుల గోల ఏమిటని ఒక పెద్ద మాస్టారు బాధపడ్డారు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆ గదిని ఆయన గుడిలా చూసుకుంటారు. కానీ ఊరికి కావలసింది అదే అయినప్పుడు కాదనడానికి బయటివాళ్ళం మనమెవరం? రెండు బెంచీలు వేరుగా వేశారు, ఒక మూల ఫారాలకు, మిగతాది చదువుకు. ఇప్పుడు ఆ మాస్టారే ఇంటర్ పిల్లల చేత అర్జీలు రాయిస్తూ, అక్షరదోషాలు దిద్దుతూ కూర్చుంటున్నారు. మీ ఊరి గది కూడా మీరు ఊహించని దారిలోకి వెళ్ళవచ్చు. వెళ్ళనివ్వండి.

మన ప్రాంతంలో గ్రంథాలయాలు పుట్టిందే జనం చేతుల్లో. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఊరి యువకులు పెట్టుకున్నది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళ్తారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైనప్పుడు అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్ళు ఊరూరా తిరిగి చేసింది, అప్పటికే ఉన్న చిన్న చిన్న గ్రంథాలయాలను ఒకదానితో ఒకటి కలపడం. మా వైపు 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. రైతులు ఉన్నచోటికే పుస్తకం వెళ్ళింది. ఈ కథ మా ఊరి పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళు మెరిశాయి. ఆ కాలువ వాళ్ళు రోజూ దాటే కాలువే.

పుస్తకాలే కాదు, మంచినీళ్ళయినా పారిశుద్ధ్యమైనా ఇంతే. వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. నీళ్ళకు ఒక కమిటీ, చదువుకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, ఇలా ఊరివాళ్ళే పంచుకుని నడుపుకున్నారు. బాల వికాస అనే స్వచ్ఛంద సంస్థ తోడు నిలిచింది గానీ వాటర్ ట్యాంకు పనికి ఊరివాళ్ళ వాటా కూడా పెట్టించింది. 2007లో ఆ ఊరికి, పారిశుద్ధ్యంలో ముందున్న ఊళ్ళకు కేంద్రం ఇచ్చిన నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అక్కడికి బస్సుల్లో వెళ్ళి చూసి వచ్చిన ఊళ్ళు చాలా ఉన్నాయి. వీలైతే మీవాళ్ళకు అలాంటి ప్రయాణానికి టికెట్లు కొనిపెట్టండి. కంప్యూటరు కంటే ఎక్కువ పనికొస్తుంది.

కాగితాల పని గురించి ఇప్పుడు. ఇది ఎవరికీ ఇష్టం ఉండదు, కాబట్టి బయట ఉండే చదువుకున్నవాళ్ళు చేయగలిగిన అసలైన సాయం ఇక్కడే ఉంది. గది పంచాయతీది అంటున్నారు కదా. దాన్ని రీడింగ్ రూముకు వాడుకోవచ్చని పంచాయతీ తీర్మానం రాతపూర్వకంగా ఉందా? సర్పంచిగారు నోటిమాటగా సరేనంటే సరిపోదు. సర్పంచి మారితే గది మారిపోతుంది. అర్జీ రాసి, గ్రామసభలో చదివించి, తీర్మానం నకలు తీసుకుని ఒక కాపీ గదిలో, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

సొసైటీగా రిజిస్టర్ చేసుకోవాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో ఆడవాళ్ళు, కాలనీవాళ్ళు ఉండేట్టు మొదటే చూడండి. తర్వాత చేరుద్దాంలే అంటే ఆ తర్వాత రాదు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాల మీద నడవాలి. ఒక్కరి ఫోన్‌పే నంబరుకు డబ్బు పంపవద్దు. ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే, ఎవరో ఏదో అన్నరోజు ఆయన పడే టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

విదేశాల్లో ఉన్న మీ బంధువులు కూడా ఇస్తామంటే ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే వస్తుంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం అలాంటి డబ్బు తీసుకోకూడదు. చిన్న సంఘాలు తెలియక చిక్కుల్లో పడతాయి.

ఇంకో సంగతి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన ప్రజలు కడుతూనే ఉన్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఉన్న ఏర్పాటు అది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్ళాలి. కాబట్టి మీవాళ్ళు అక్కడికి వెళ్ళి పుస్తకాలు అడగడం బిచ్చం కాదు. మావాళ్ళు చాలాసార్లు తిరిగాకే కొన్ని పుస్తకాలు వచ్చాయి. వాటి మీద స్టాంపు చూపించి "ఇది మన పన్ను" అని పిల్లలకు చెప్తారు.

మీరు దూరంగా ఉన్నారు కాబట్టి వాట్సాప్ గ్రూపు గురించి కూడా చెప్పాలి. మా గ్రూపులో ఒక దశలో ఊళ్ళో ఉండేవాళ్ళ కంటే బయట ఉండేవాళ్ళు ఎక్కువయ్యారు. గోడకు ఏ రంగు వేయాలి, ఏ పేపరు మానేయాలి అని రాత్రి పదకొండింటికి హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి తీర్పులు వచ్చేవి. ఊళ్ళోవాళ్ళు చదివి ఊరుకునేవాళ్ళు, తర్వాత చదవడం కూడా మానేశారు. చివరికి కమిటీ ఒక మాట అనుకుంది. గ్రూపులో సమాచారం మాత్రమే, నిర్ణయం బడి వరండాలో. ఇప్పుడు నల్లబల్ల ఫొటో నెలకోసారి గ్రూపులో పెడతారు, అంతే. మీవాళ్ళకు ఈ ఏర్పాటు మీరే సూచించండి. బయట ఉన్న మనిషి నోటి నుంచి వస్తే మిగతా బయటివాళ్ళు నొచ్చుకోరు.

నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో గది వెలవెలబోతుంది. ఫొటోలు రావు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. పని ఆగిపోయిందేమోనని కంగారుపడి వాళ్ళను తొందరపెట్టకండి. పొలం పని అయ్యాక వాళ్ళే వస్తారు. ఆ నెలల్లో పేపర్ల బిల్లు మాత్రం ఆగకుండా చూసుకోండి.

తీర్మానం ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. లేకపోతే మావాళ్ళు పంచాయతీకి ఇచ్చిన అర్జీ నమూనా నా దగ్గర ఉంది, టైప్ చేసి పెడతాను. పేర్లు, సర్వే నంబరు మార్చుకుంటే సరిపోతుంది.