ఇంట్లో హ్యూమనాయిడ్ రోబో ఉంటే నిజంగా దేనికి పనికొస్తుంది?

హ్యూమనాయిడ్, అంటే మనిషి ఆకారంలో ఉండే రోబో, ఇంటిపని అంతా చేసిపెడుతుందా అని అడిగారు. అంతా చెయ్యదు. వంగి తీయడం, అందివ్వడం, మోయడం, ఈ మూడూ చేస్తే చాలు, మాలాంటి ఇళ్లకు అదే పెద్ద సాయం. నా దగ్గర హ్యూమనాయిడ్ లేదు. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పక్షవాతం వచ్చిన నాన్నను చూసుకుంటూ, ఓ రోబో వాక్యూమ్ వాడుతూ గమనించినవి చెబుతున్నాను.

నాన్నకు కావాల్సినవన్నీ చిన్న పనులే. కళ్లజోడు మంచం కిందికి జారుతుంది. గోడకు ఆనించిన చేతికర్ర పడిపోతుంది. అర్ధరాత్రి మంచినీళ్లు కావాలి. మమ్మల్ని లేపడానికి మొహమాటపడి ఆయనే వంగబోతారు. మా టెన్షన్ అంతా అక్కడే.

వాక్యూమ్ హాలంతా బాగానే తుడుస్తుంది. అమ్మ పసుపు రాసిన గడప దగ్గరికొచ్చేసరికి ఢీకొని, అటూఇటూ తిరిగి, వెనక్కి వచ్చేస్తుంది. ఎత్తి అవతల పెట్టాల్సింది మనమే. గడపలు, తలుపు గడియలు, పై అరలు అన్నీ మనిషి కాళ్లకూ చేతులకూ తగ్గట్టు కట్టినవి కదా. రోబోకి కాళ్లుంటే లాభం అదీ. 2017లో మన హైదరాబాద్ కన్వెన్షన్ సెంటర్ హెచ్‌ఐసీసీలో మోదీనీ, ఇవాంకా ట్రంప్‌నూ పలకరించిన ‘మిత్ర’ రోబో చక్రాల మీద తిరిగేది. మా ఇంటికొస్తే దానికీ గడప దగ్గరే బ్రేక్.

కొనాలనుకుంటే ముందు ఎంత బరువు మోస్తుందో చూడండి. యూనిట్రీ కంపెనీ హ్యూమనాయిడ్ జీ1 2024లో 16,000 డాలర్ల ధరతో వచ్చింది. దాని చెయ్యి మోసేది రెండు మూడు కిలోలే, 20 లీటర్ల వాటర్ క్యాన్ మాట మర్చిపోండి. వన్‌ఎక్స్ కంపెనీ 2025 అక్టోబరులో 20,000 డాలర్లకు బుకింగ్ తెరిచిన నియో 25 కిలోల దాకా మోస్తుందట. దాని సొంత బరువు 30 కిలోలు, నిండు గ్యాస్ సిలిండరంత. అందుకే నాన్నను లేపి కూర్చోబెట్టే పని మాత్రం దానికి అప్పగించను. కాలు తడబడితే అంత బరువూ ఆయన మీదే. పోపు పెట్టే చోటికీ రానివ్వను. బట్టలు మడతపెట్టమనండి, గంటసేపు చేసినా మనకేం తొందర?

ఇంకో సంగతి. నియోకి రాని పనిని కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, దాని కెమెరాల్లోంచి చూస్తూ చేయిస్తాడు. మనం ఒప్పుకున్న టైమ్‌లోనే అంటారు, వెళ్లకూడని చోట్లు కూడా పెట్టుకోవచ్చు. అయినా నాన్నకు స్నానం చేయించేటప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చూసే అవకాశం ఉందంటే అమ్మ ఆ రోబోని ఇంట్లోకే రానివ్వదు.

నేనైతే ఇప్పుడే అంత డబ్బు పెట్టను. ప్రస్తుతానికి మంచానికి వైర్‌లెస్ కాలింగ్ బెల్ తగిలించాం. కర్ర చివర పట్టుకారులా ఉండే గ్రాబర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అదీ తెప్పించాం. కళ్లజోడు, రిమోట్ లాంటివి నాన్న మంచం మీద కూర్చునే బాగున్న చేత్తో తీసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల కోసమే అయితే ముందు ఈ రెండూ పెట్టి చూడండి.