సప్లయర్‌తో గొడవ మొదలయ్యాక నిద్ర పట్టడం లేదు, మీకెవరికైనా ఇలా అయిందా?

అట్టపెట్టెలు నాసిరకంవి వచ్చాయని బిల్లు ఆపానని, నెలన్నరగా రాత్రి రెండింటికే మెలకువ వస్తోందని, బేకరీ మూసేయాలనిపిస్తోందని రాశారు. నాకూ అయిందండీ. మాది పచ్చళ్ల వ్యాపారం.

ఓ ఏడాది ఆవకాయ సీజన్‌కి గుంటూరు నుంచి ఇరవై టిక్కీలు (బస్తాలు) 334 రకం ఎండుమిర్చి, కొత్త కాయ చెప్పాను. మాటంతా ఫోన్‌లోనే. సగం డబ్బు ముందే పంపాను. విప్పితే రెండు టిక్కీలే కొత్తవి. మిగతాది కిందటేడాది ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టినది, అందులోనూ తాలు, రంగు పోయిన నాసి కాయ. ఫోన్ చేస్తే, "దించుకున్నాక నాకేం సంబంధం మేడం" అన్నాడు. ఆరేళ్లుగా చెల్లెమ్మా అని పిలిచిన మనిషి! డబ్బు కన్నా ఆ "మేడం" ఎక్కువ గుచ్చుకుంది.

ఇక ఫోన్ మోగితే గుండెదడ. మా అబ్బాయి నీళ్లు ఒలకబోస్తే కొట్టినంత పని చేశాను. మామిడికాయలు తుడుస్తున్నా మనసులో అతనితోనే వాదన, ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. ఇంట్లో చెప్పాలంటే సిగ్గు. "రాయించుకోలేదా?" అంటారని భయం. అన్నారు కూడా.

జరిగినదంతా తేదీలవారీగా నోట్‌బుక్‌లో రాశాక కాస్త ఊపిరాడింది. "కొత్త కాయ" అని నేనూ ఎక్కడా మెసేజ్ పెట్టలేదని అప్పుడే తెలిసింది. సగం కోపం అక్కడే దిగింది. మిగతా సగం నా మీదకే తిరిగిందనుకోండి, అది వేరే కథ. తర్వాత ఇద్దరికీ తెలిసిన ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టాం. తాలు వరకు రేటు తగ్గించాడు, మిగతాది కట్టేశాను. నాకు పూర్తి న్యాయం జరగలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

మీ విషయంలో ఒకటి చూసుకోండి. పెట్టెలు అతనే తయారుచేస్తూ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న యూనిట్ అయితే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బాకీ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. మీరు అప్పుడు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఏమైనా పెట్టారా? పెట్టి ఉంటే జాగ్రత్త చేయండి, లేకపోతే త్వరగా వకీలుని కలవండి.

నిద్ర ఇలాగే ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నేనిప్పుడు అతని దగ్గర కొనడం లేదు. మిర్చి యార్డులో ఎదురైతే నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను.