కేఆర్ పురం సైటు గోడ సంగతి

చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. వాచ్‌మన్ కుటుంబం మన సైటులో చేరి 12 ఏళ్లు దాటింది, ఇక అది వాళ్లదైపోతుందని ఎవరో చెప్పారని అంత టెన్షన్ పడుతున్నావు. అదేం కాదురా. వాళ్లు మీ నాన్న రమ్మంటే వచ్చి, మీ నాన్న వేయించిన షెడ్డులోనే ఉంటున్నారు. యజమాని అనుమతితో ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా అది అడ్వర్స్ పొసెషన్ (అనుమతి లేకుండా ఏళ్ల తరబడి అనుభవించి స్థలం మీద హక్కు పొందడం) కిందికి రాదు, వాచ్‌మన్లకు, కేర్‌టేకర్లకు ఆ హక్కు పుట్టదని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. అయినా నోటిమాట మీద వదిలెయ్యకు. నీ అనుమతితో ఉంటున్నామని, అడిగినప్పుడు ఖాళీ చేస్తామని స్టాంపు పేపరు మీద రాయించి సంతకాలు తీసుకుందాం. ఆయనతో మర్యాదగా మాట్లాడు, ఇన్నేళ్లూ సైటు కాపాడింది ఆయనే.

నాకు భయమల్లా పక్క సైటాయన గోడ గురించే. 2016లో కట్టినప్పుడు మూడడుగులు మనవైపు జరిపాడని మీ నాన్న అంటూనే ఉండేవాడు, కానీ గొడవెందుకులే అని ఊరుకున్నాడు. ఆ గోడకు మన అనుమతి లేదు, అందరికీ కనిపిస్తోంది, అప్పటినుంచీ ఆ స్థలం ఆయన చేతిలోనే ఉంది. కోర్టు చూసేవి ఇవే. 1963 లిమిటేషన్ చట్టంలో స్థలం తిరిగి ఇప్పించమని దావా వెయ్యడానికి గడువు ప్రైవేటు స్థలానికి 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికైతే 30. అంటే 2028 దాటితే, సేల్ డీడ్ నీ చేతిలో ఉన్నా ఆ ముక్క మీద నీ హక్కు పోయే ప్రమాదం ఉంది. పన్ను కడుతున్నా కదా, మున్సిపల్ రికార్డులో ఖాతా నా పేరునే ఉంది కదా అంటావేమో, వాటితో గడువు ఆగదు. లాయరు నోటీసుతోనూ ఆగదు. దావా వెయ్యాల్సిందే. 2019లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుతో, గడువు నిండాక ఆయనే ముందుగా కోర్టుకెళ్లి హక్కు అడగొచ్చు కూడా.

కోపంలో జేసీబీ తెప్పించి గోడ కొట్టించకు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, స్థలం ఎవరిదన్నది తేలకముందే, ఆయన 6 నెలల్లోపు కేసు వేసి స్వాధీనం తిరిగి తీసుకోగలడు.

నువ్వు ఇప్పట్లో డల్లాస్ నుంచి రాలేవు కాబట్టి నా పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపు, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు నేను స్టాంపు డ్యూటీ కట్టిస్తాను. సేల్ డీడ్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లేఅవుట్ ప్లాను, గోడ లేనప్పటి పాత ఫొటోలు దొరికితే అవి కూడా ఈ వారమే వాట్సాప్ చెయ్. కొలతలకు సర్వేయర్‌ని నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న