బీఎమ్‌ఐ 30 దాటిందని మోకాలిని చూడకుండానే పంపేస్తే

160 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు, బీఎమ్‌ఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 30.5. మోకాలి నొప్పితో వెళితే డాక్టరు కాలు ముట్టుకోకుండానే "ముందు బరువు తగ్గండి" అని పంపేశారని రాశారు. మీ కోపం న్యాయమైనదేనండి.

లెక్క సరిగ్గానే ఉంది. 30 దాటితే ఊబకాయం కిందకే వస్తుంది. అయితే ఆ సూత్రం 19వ శతాబ్దంలో అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం గణాంకవేత్త జనాభా సగటుల కోసం కట్టినది. కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడ పేరుకుందో దానికి తెలియదు. అందుకే నడుము కూడా కొలవండి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక. (పొట్ట లోపలికి బిగిస్తే మోసపోయేది మనమే.) ఎత్తులో సగం, అంటే మీకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు చేయించుకోండి. బీఎమ్‌ఐ ఒక్కటే చూసి జబ్బని తేల్చకూడదని, అవయవాల పనితీరు, రోజువారీ కదలికలు కూడా చూడాలని 2025లో లాన్సెట్ వైద్య పత్రికల తరఫు నిపుణుల కమిషన్ చెప్పింది.

బరువు మోకాలికి భారమే, కాదనను. కానీ మోకాలికి వేరే జబ్బులూ వస్తాయి కదా! ఈసారి వెళ్ళినప్పుడు "ఇదే నొప్పితో సన్నటి మనిషి వస్తే ఏ పరీక్షలు చేస్తారు?" అని నెమ్మదిగా అడగండి. జవాబు దాటవేస్తే డాక్టరును మార్చండి.

ఇక బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ లాంటి మందుల సంగతి: అవి ఆకలిని తగ్గిస్తాయి. ఆపితే బరువు చాలావరకు తిరిగొస్తుంది. అది మనోబలం లేక కాదు, బరువు తగ్గిన శరీరం ఆకలి పెంచే హార్మోన్లను ఎక్కువ చేస్తుంది.