సైకిలుకు రోడ్డు అంచే క్షేమమా?

ప్రశ్న: మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి రోజూ సైకిలు మీద ఆఫీసుకు వెళ్తాను. కార్లవాళ్లు హారన్ కొట్టి పక్కకు తప్పుకోమంటారు. అంచుకు పోతే స్టాపు దగ్గర బస్సులు నొక్కేస్తున్నాయి. ఎటు తొక్కాలి?

జవాబు: మరీ అంచుకు పోకండి. అక్కడ ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు ఉంటాయి. వాటిని తప్పించబోయి ఒక్కసారిగా కుడికి తిప్పితే వెనక బండి తగులుతుంది. అంచుకు సుమారు మీటరు దూరంగా, తిన్నగా తొక్కండి. ఆగివున్న కార్ల పక్కనైనా అంతే, తలుపు తెరిచినా తగలనంత దూరం ఉండాలి.

అసలు ప్రమాదం బస్సుకు ఎడమపక్కన ఉంది. మలుపులో బస్సు వెనక చక్రం ముందు చక్రం దారిన రాదు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఆ సందులో ఉన్న మీరు డ్రైవరుకు అద్దంలో కనిపించకపోవచ్చు. ఎడమ ఇండికేటర్ వెలిగినా, స్టాపు దగ్గరపడినా బస్సు వెనకే ఆగిపోండి. అర నిమిషం పోతే పోయింది, ఆ సందులోకి మాత్రం దూరొద్దు.

చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి. బ్యాగు దాన్ని కప్పేయకుండా చూసుకోండి.

కారు నడిపే పాఠకులకూ ఒక మాట: దిగేటప్పుడు కుడి తలుపును ఎడమ చేత్తో తెరవండి. ఒళ్లు దానంతటదే వెనక్కి తిరిగి, వచ్చే సైకిలు కంటపడుతుంది.